చోటు కదిపితే అర్థం పోవాలి

చిరంజీవి అమ్మాయికి,
ఆశీస్సులు.

ఫోన్ తెరలో చూస్తే నిజమైన చోటు మీదే బొమ్మలు కనిపించే కళాకృతి (ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు) కోసం నువ్వు రాసిన ప్లాన్ చదివాను. రోజూ ఎదురుచూసిన బస్‌స్టాప్‌లో గాల్లో ఈదే చేపలు, మెరిసే గోడలు. బాగానే ఉంటాయి, కానీ వాటిని ఏ షాపింగ్ మాల్‌లో పెట్టినా అంతే బాగుంటాయి కదా! ఆ చోటికీ నీకూ ఉన్న సంబంధం వాటిలో ఎక్కడుంది? అక్కణ్ణుంచి కదిపితే అర్థం పోయేదాన్నే ఉంచు.

2012లో జర్మనీలోని కాసెల్‌లో, డాక్యుమెంటా అనే కళా ప్రదర్శన కోసం జానెట్ కార్డిఫ్, జార్జ్ బ్యూరెస్ మిల్లర్ అనే కళాకారులు పాత రైల్వే స్టేషన్‌లో ఒక వీడియో నడక తయారుచేశారు. చూసేవాళ్లకి ఐపాడ్, హెడ్‌ఫోన్లు ఇచ్చేవారు. అదే స్టేషన్‌లో ముందే తీసిన వీడియో చేతిలో నడుస్తుంటుంది. తెర మీద ఎవరో ఎదురొస్తారు, తలెత్తి చూస్తే అక్కడ ఉండరు. కళ్లకు తగిలించుకునే హెడ్‌సెట్ లేదు, హంగామా లేదు. తెరకీ ఎదుటికీ ఉన్న ఆ తేడాయే మనిషిని పట్టుకుంటుంది.

అందుకే నువ్వు ముందు గొంతులతో మొదలుపెట్టు. 2007లో లండన్‌లో బ్లాస్ట్ థియరీ అనే కళాకారుల బృందం జనాన్ని సైకిళ్ల మీద పంపి, నచ్చిన మూల చూసుకుని తమ మాటలు రికార్డు చేయించింది. తర్వాత వచ్చినవాళ్లు ఆ మూలకి చేరితేనే అవి వినిపించేవి. నువ్వూ ఆ బస్‌స్టాప్‌కి వచ్చేవాళ్లని అలా అడుగు. అయితే 'ఈ చోటంటే మీకేమిటి' అనొద్దు, అందరూ ఉపన్యాసం మొదలుపెడతారు. 'ఎటు తిరిగి నిలబడేవారు, ఎవరి కోసం' అని అడుగు.

ఇక ఫోన్ సంగతి. ఆరుబయట జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది కాబట్టి తేడా బాగా పెరుగుతుంది. బెంచీ దగ్గర పెట్టిన గొంతు రోడ్డు మధ్యకు జరిగిందనుకో, వినేవాళ్లూ అక్కడికే పోతారు! కెమెరాతో గుర్తుపట్టిద్దామంటే అద్దాలు, బోసి గోడలు, చీకటి దాన్ని తికమక పెడతాయి. జనం ఏ వేళకు వస్తారో ఆ వేళకే వెళ్లి పరీక్షించు. నడిచేటప్పుడు ధ్వని మాత్రమే, బొమ్మలు నిలబడ్డాకే. హారన్ వినపడేంత తక్కువగా ఉంచు వాల్యూమ్.

గొంతు ఇచ్చినవాళ్లు తర్వాత వద్దంటే తీసేసే వీలు మొదట్లోనే పెట్టుకో. అలా అడిగేవాళ్లు ఉంటారు, బతిమాలొద్దు.

ఉంటాను,
బాబాయి