ఇంకో ఐవీఎఫ్ అయ్యాక దత్తత గురించి చూద్దామా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీకు 43, మీ ఆవిడకి 39, మూడు ఐవీఎఫ్‌లు అయిపోయాయి, డాక్టరు నాలుగోది అంటున్నారు. మీ అమ్మగారేమో తమ్ముడి రెండో బాబుని తెచ్చుకోమంటున్నారు, తెలిసినాయన ఎవరో ఆస్పత్రి నుంచే బిడ్డని ఇప్పిస్తానన్నాడు. ఇవన్నీ తేలాక దత్తతకి వెళ్దామా అని అడిగారు. వద్దండీ, ముందే రిజిస్టర్ చేయండి. మేం అన్నీ తేలాకే వెళ్లాం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మీ ఇద్దరి వయసులూ కలపండి, 82. ఇప్పుడున్న రూల్ ప్రకారం రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకి 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100. మనిషికి ఏడాదికి ఒక్క ఏడే పెరుగుతుంది గానీ ఈ మొత్తం ఏడాదికి రెండు పెరుగుతుంది! ఇంకో ఐవీఎఫ్ చేయించుకుని, అది పోతే ఆ బాధలో ఆర్నెల్లు గడిచి, మళ్లీ ధైర్యం తెచ్చుకునేసరికి మీ లెక్క 86కి వచ్చేస్తుంది. ట్రీట్‌మెంట్ మానేయమని నేను అనట్లేదు, అది మీ ఇద్దరి ఇష్టం. దత్తతకి ముందు మన ఇల్లూ మనుషులూ ఎలా ఉన్నారో చూడ్డానికి సోషల్ వర్కర్ వస్తారు, దాన్నే హోం స్టడీ అంటారు. వాళ్లు అడిగితే మాత్రం దాచకండి.

మాకు 2003లో పెళ్లయింది. ఐదు ఐవీఎఫ్‌లు, దగ్గర దగ్గర పది లక్షలు, మధ్యలో మా ఆవిడ రెండుసార్లు ఉద్యోగం మానేసింది. 2020 జనవరిలో దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేద్దామని కూర్చుంటే నాకు 48, తనకి 43. మొత్తం 91. అప్పటి రూల్‌లో నాలుగేళ్లలోపు బిడ్డకి 90 వరకే. ఒక్క ఏడాది! ఆ రాత్రి ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఉయ్యాల, బారసాల, అన్నప్రాసన అని ఇన్నేళ్లు ఊహించుకున్నవన్నీ ఒక కూడికతో పోయాయి. రెండు రోజుల తర్వాత తనే అంది, "నడిచే పిల్లయినా పిల్లే కదా, పెట్టెయ్" అని.

ఆస్పత్రి బిడ్డ సంగతి. మాకూ వచ్చింది ఆ మాట. మేం వెళ్లిన ఒక ఆస్పత్రిలో పనిచేసే ఆమె, నాలుగు లక్షలకి బిడ్డ, బర్త్ సర్టిఫికెట్ కూడా మీ పేరు మీదే వస్తుంది అంది. నిజం చెప్తున్నా, నేను ఒప్పుకోబోయాను. మా ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది, "ఆ తల్లికి తెలుసా?" అని. ఆమె జవాబు చెప్పలేదు. 2024 మేలో రాచకొండ పోలీసులు మేడిపల్లి వైపు పిల్లల్ని అమ్మే ముఠాని పట్టుకున్నప్పుడు, కొనుక్కున్న దంపతుల దగ్గర నుంచి పిల్లల్ని తీసేసుకున్నారు. ఆ తల్లులు ఏడుస్తుంటే టీవీలో చూశాను. వాళ్ల స్థానంలో నేనుండాల్సినవాణ్ణి. పిల్లల్ని అమ్మినా కొన్నా జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఐదేళ్ల వరకు జైలు, లక్ష జరిమానా. అంతకంటే ఆ పిల్ల మీకు అలవాటయ్యాక పోతుందే, అది చూసుకోండి.

తమ్ముడి కొడుకు విషయం చట్టప్రకారం తప్పేం కాదు, 1956 హిందూ దత్తత చట్టం ఉంది, దస్తావేజు రిజిస్టర్ చేయించుకోవచ్చు. మా మేనత్త అలాగే తెచ్చుకుంది. ప్రతి పండక్కీ కన్నతల్లి ఎదురుగా ఉంటుంది, పిల్లాణ్ణి ఒక దెబ్బ వేస్తే రెండిళ్లలో గొడవ. అందరికీ ఇలాగే అవుతుందని కాదు గానీ మీ తమ్ముడి భార్య నోటితో ఆమె ఇష్టం మీరు విన్నారా? అమ్మగారు చెప్పడం కాదు, ఆమె చెప్పడం.

ఇక హోం స్టడీ. సోషల్ వర్కర్ వస్తుందని మా ఆవిడ తెల్లవారుజాము దాకా ఇల్లు కడిగింది, అక్కర్లేని సామానంతా మంచం కిందకి తోశాం. ఆవిడ మంచం కింద చూడలేదు, బీరువా తెరవలేదు. జీతం, ఆరోగ్యం, మా ఇద్దరి మధ్య గొడవలు ఎలా తేలతాయి, ఇవన్నీ అడిగింది. అమ్మని విడిగా అడిగింది. అమ్మ మొహమాటం లేకుండా "ఏ కులమో ఏ గోత్రమో తెలీదు కదమ్మా" అనేసింది, నాకు చెమటలు పట్టాయి. ఆవిడ నవ్వి, రాసుకుని, నా వైపు తిరిగి "పిల్ల మిమ్మల్ని నాన్న అనకపోతే ఏం చేస్తారు?" అంది. అంటుందిలెండి అన్నాను. అంతకంటే తోచలేదు.

తర్వాత ఎదురుచూపులు, దానిమీద కోవిడ్. పసిపిల్లలు కావాలనుకునేవాళ్లకి మూడేళ్లు దాటుతోందని అందరూ అంటారు, మాది పెద్దపిల్ల కాబట్టి ఏడాదిన్నరకి వచ్చింది. 2021 ఆగస్టులో ఆఫీసులో ఉండగా మెసేజ్. ఫోటో, పిల్ల గురించి రిపోర్టు, మెడికల్ రిపోర్టు. పాప, నాలుగేళ్ల ఏడు నెలలు, మహారాష్ట్రలో ఒక ఊరు. తేల్చుకోవడానికి 48 గంటలు. మెడికల్ రిపోర్టు తెలిసిన పిల్లల డాక్టరుకి చూపించండి, మేం అదే చేశాం. రక్తం తక్కువగా ఉంది, అంతే అన్నారు. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కాం.

ఆ పిల్లకి తెలుగు రాదు, మాకు మరాఠీ రాదు. ఇంటికొచ్చిన మొదటి వారం తను మాట్లాడింది ఒకటే మాట, "నకో". అన్నం పెడితే నకో, స్నానం అంటే నకో. మేం బిక్కమొహాలు వేసుకుని చూస్తుంటే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, పాతబస్తీ మనిషి, పకపకా నవ్వాడు. "నక్కో బోల్ రహీ సాబ్, నక్కో!" వద్దు అంటోందన్నమాట, హైదరాబాద్‌లో పుట్టి పెరిగి రోజూ వినే మాటే. మన దక్కనీకి అది మరాఠీ నుంచే వచ్చిందట. ఆ రోజు నుంచి కొన్నాళ్లు మా ఇంటికి దుబాసీ ఆయనే.

తను రొట్టెలు దిండు కింద దాచేది. మొదట్లో మా ఆవిడ తీసి పారేసింది, అప్పుడు ఏడ్చిన ఏడుపు చూడాలి. తర్వాత మంచం పక్కన ఒక డబ్బాలో బిస్కెట్లు పెట్టి, ఇవి నీవి, ఎవరూ తీయరు అని చెప్పాం. ఆరేడు నెలలకి ఆ డబ్బా సంగతి తనే మర్చిపోయింది. మా ఆవిణ్ణి రెండో వారంలోనే ఆయీ అంది. నన్ను మాత్రం కాకా. మరాఠీలో బాబాయి. మన దగ్గరా కాక అంటే అదే కదా, అలా నాలుగు నెలలు నా ఇంట్లో నేను కాకనే. తను అంతకుముందు ఉన్నచోట అందరూ ఆడవాళ్లే కాబట్టి మగ గొంతు వింటేనే గోడకి ఆనుకుపోయేది. సోషల్ వర్కర్ ప్రశ్న రోజూ గుర్తొచ్చేది. ఏం చేస్తాం, ఏమీ చేయకుండా పక్కన కూర్చోవడమే. సంక్రాంతికి గాలిపటం దారం తెగి ఎగిరిపోతుంటే కంగారులో "నాన్నా" అని అరిచింది. నేను విననట్టే ఊరుకున్నాను, మళ్లీ అంటుందో లేదో అని.

సెలవు విషయం ముందే కనుక్కోండి. మా ఆవిడ కంపెనీ ఒక్క రోజు కూడా ఇవ్వలేదు. అప్పటి చట్టంలో మూడు నెలల లోపు బిడ్డని తెచ్చుకుంటేనే 12 వారాల సెలవు. వదిలేసిన పసిబిడ్డకి తల్లిదండ్రులు ఎవరైనా ఉన్నారేమో వెతకడానికే రెండు నెలల గడువుంటుంది, ఇక మూడు నెలల లోపు ఇంటికి వచ్చేది ఎవరు? ఎవరు రాశారో గానీ ఆ రూల్! తను జీతం లేని సెలవు పెట్టింది.

మా దత్తత ఆర్డరు కోర్టు నుంచి వచ్చింది, దాని తర్వాతే మా పేర్లతో బర్త్ సర్టిఫికెట్. 2022 సెప్టెంబర్ నుంచి కోర్టు లేదు, కలెక్టరే ఇస్తారు. పిల్ల ఇంటికొచ్చినప్పటి నుంచి రెండేళ్లపాటు ఆర్నెల్లకోసారి వచ్చి చూసి వెళ్తారు, దానికి భయపడక్కర్లేదు.

చుట్టాల గురించి అడిగారు. మా అమ్మ ఇప్పుడు పాపతో కలిసి సీరియల్ చూస్తుంది, జడ వేస్తుంది, అయినా ఊళ్లో కొందరికి "దూరపు చుట్టాల పిల్ల" అనే చెప్తుంది. నాకు ఒళ్లు మండుతుంది. పాపే ఒకసారి పెళ్లిలో "కాదు, నన్ను దత్తత తీసుకున్నారు" అని అందరి ముందూ సరిచేసింది. పోయినేడు ఒక రాత్రి నన్నెందుకు వదిలేశారు అని అడిగింది. మాకు తెలీదమ్మా అన్నాం. అబద్ధం కథ ఏదీ అల్లలేదు. చాలాసేపు ఏడ్చింది, మేమూ ఏడ్చాం, పొద్దున్న మామూలుగానే స్కూలుకెళ్లింది.

ఒక్కటి మర్చిపోయాను, మీకు మ్యారేజ్ సర్టిఫికెట్ ఉందా? మాకు లేదు. పెళ్లయిన పదహారేళ్లకి శుభలేఖ, ఫోటోలు వెతుక్కుని, సాక్షుల్ని వెంటబెట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగాం, దానికే మూడు వారాలు పోయింది. రిజిస్టర్ చేశాక పత్రాలు అప్‌లోడ్ చేయడానికి నెల రోజులే టైమ్ ఉంటుంది కాబట్టి ముందు ఆ పని చూసుకోండి.