బస్తా అడుగున తడి ధాన్యం: నోరు విప్పకపోయినా అబద్ధమేనా?

అమలాపురం దగ్గర్నుంచి ఒకరి ప్రశ్న: "బస్తా అడుగున తడి ధాన్యం, పైన ఎండింది పోశాం. నోటితో ఏమీ చెప్పలేదు. బైబిల్ ప్రకారం ఇది అబద్ధమేనా?"

అవునండి, అబద్ధమే. కొనేవాళ్ల లెక్కలో ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదని తెలిసే కదా ఎండింది పైన పోసింది! పది ఆజ్ఞల్లోని "అబద్ధ సాక్ష్యము" ముఖ్యంగా పొరుగువాడి మీద చెప్పే సాక్ష్యం గురించి. మీ ప్రశ్నకు దగ్గరి మాట సామెతలు 11:1లో ఉంది: దొంగత్రాసు యెహోవాకు హేయము. త్రాసు మాట్లాడదు, అయినా మోసం చేస్తుంది.

అననీయ, సప్పీరా దంపతుల కథ (అపొస్తలుల కార్యములు 5) కూడా నిదానంగా చదవండి. పొలం అమ్మిన డబ్బులో కొంత ఉంచుకోవడం వాళ్ల తప్పు కాదు. అమ్మాక కూడా ఆ డబ్బు నీ వశంలోనే ఉంది కదా అని అపొస్తలుడైన పేతురే అంటాడు. కొంత తెచ్చి, మొత్తం ఇదే అన్నట్టు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టడమే తప్పు. ఆ చోట నాకు ఎప్పుడూ గుండె ఝల్లుమంటుంది.

మరి ప్రాణం కాపాడటానికి చెప్పే అబద్ధం? ఇశ్రాయేలు వేగులవాళ్లను దాచి, వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో వాళ్లు వెళ్లిపోయారని చెప్పిన యెరికో స్త్రీ రాహాబును బైబిల్లోని హెబ్రీ పత్రిక (లేఖ) మెచ్చుకుంది. అయినా తొలికాలపు క్రైస్తవ పండితుడు అగస్టీన్ ఏ అబద్ధాన్నీ ఒప్పుకోలేదు. ఈ విషయంలో క్రైస్తవుల్లో ఏకాభిప్రాయం లేదు. నాకైతే రాహాబు చేసింది దయే అనిపిస్తుంది. కానీ ధాన్యం బస్తా సంగతి అలాంటిది కాదు, అక్కడ ఎవరి ప్రాణమూ పోవడం లేదు.

కొన్నాయనకు నిజం చెప్పి, తేడా డబ్బు ఇచ్చేయండి. బైబిల్లో సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.