ముత్తాత సమాధి రాయి కోర్టులో చెల్లుతుందా?

ప్రశ్న: మా ముత్తాత 1931లో చనిపోయారు. చర్చి వెనక సమాధుల తోటలో ఆయన రాయి ఇంకా ఉంది. దాని మీద ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, చనిపోయిన సంవత్సరం చెక్కి ఉన్నాయి కానీ సగం అక్షరాలు చెరిగిపోయాయి. రెండేళ్ళ కిందట ఉమ్మడి భూమి పంచమని అడిగితే మా దాయాదులు ‘మీ తాత ఎక్కడి నుంచో వచ్చి మా ఇంట్లో పెరిగాడు, మీరు అసలు ఈ వంశమే కాదు’ అన్నారు. మా దగ్గర పాత కాగితాలు పెద్దగా లేవు. ఆ రాయి సాక్ష్యంగా చెల్లుతుందా? అక్షరాలకు రంగు వేయిస్తే బాగా కనిపిస్తాయని తమ్ముడు అంటున్నాడు, వేయించవచ్చా? చర్చి రిజిస్టర్లు పాస్టర్ గారు చూపించడం లేదు. ఏదీ కుదరకపోతే సమాధి తవ్వించి డీఎన్‌ఏ పరీక్ష అడగవచ్చా?

జవాబు: ముందు మీ తమ్ముడికి ఫోన్ చేసి ఆ రంగు డబ్బా పక్కన పెట్టమనండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకంటే చాలా ఏళ్ళ కిందట ఇలాంటి కేసే ఒకటి నా చేతికి వచ్చింది. అడ్వకేట్ కమిషనర్ గారు, అంటే కోర్టు తరఫున వెళ్ళి చూసి రిపోర్టు ఇచ్చే లాయరు, సమాధులు చూడటానికి వస్తున్నారని తెలిసి, మా క్లయింటు వారం ముందు పెయింటర్‌ను పిలిచి రాయి శుభ్రంగా కడిగించి అక్షరాలన్నిటికీ నల్లరంగు దిద్దించాడు. నాకు చెప్పలేదు. ఆ కుర్రాడు అరిగిపోయిన 1927లో చివరి అంకెను 1 అనుకుని నిలువు గీత మాత్రం దిద్దాడు. ఆ పెద్దాయనే 1924లో సంతకం పెట్టిన అమ్మకపు దస్తావేజును మేమే కోర్టులో దాఖలు చేశాం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు గారు అడిగింది ఒకే ప్రశ్న: ‘1921లో చనిపోయినాయన 1924లో సంతకం ఎలా పెట్టాడండీ?’ మా క్లయింటు నా వైపు చూశాడు, నేను ఫైలు వైపు చూశాను. రాయి నిజమైనదే, వంశమూ నిజమైనదే, కానీ ఆ రోజు తర్వాత ఆ రాయి గురించి మేం ఏం చెప్పినా జడ్జి గారు అనుమానంగానే విన్నారు.

ఇక మీ మొదటి ప్రశ్న. చెల్లుతుంది. ఇది నా అభిప్రాయం కాదు, చట్టంలో ఆ మాటే రాసి ఉంది. భారతీయ సాక్ష్య అధినియం 2023లో సెక్షన్ 26(ఎఫ్) చూడండి. చనిపోయినవాళ్ళ మధ్య రక్తసంబంధం గానీ, వివాహ సంబంధం గానీ, దత్తత గానీ ఉందని కుటుంబ వ్యవహారాల వీలునామాలో, దస్తావేజులో, వంశవృక్షంలో, సమాధి రాయి మీద, కుటుంబ చిత్రపటం మీద, లేదా మామూలుగా అలాంటివి రాసే మరే వస్తువు మీదైనా రాసి ఉంటే, దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు. పాత 1872 సాక్ష్య చట్టంలో ఇదే సెక్షన్ 32(6). కొత్త చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది, మీరింకా దావా వేయలేదు కాబట్టి మీకు కొత్తదే. రాతి మీద చెక్కిన రాత కూడా ‘డాక్యుమెంటు’ కిందికే వస్తుందని చట్టంలోనే ఉదాహరణగా ఇచ్చారు.

కానీ దీనికి రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, ఆ రాత గొడవ మొదలవడానికి ముందే రాసి ఉండాలి. గొడవ అంటే దావా నంబరు పడిన రోజు కాదు, ‘మీరు ఈ వంశం కాదు’ అన్న మాట పుట్టిన రోజు, అంటే మీ విషయంలో రెండేళ్ళ కిందట. ఇక్కడ చాలామంది పొరపడేది ఏమిటంటే రాయి మీద 1931 అని ఉంటే రాయి కూడా 1931లోనే పెట్టారనుకుంటారు. చేతిలో డబ్బు ఆడాక పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో రాయి వేయించిన కుటుంబాలు బోలెడు. కాబట్టి అది ఎప్పటి నుంచి అక్కడ ఉందో చెప్పగలిగిన ముసలివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో ఇప్పుడే కనుక్కోండి. రెండో షరతు, 26(ఎఫ్) చనిపోయినవాళ్ళ మధ్య సంబంధానికే పనికొస్తుంది. మీ నాన్నగారు బతికి ఉంటే ఆయనకూ మీ తాతకూ ఉన్న సంబంధం వేరే సాక్ష్యంతో చూపించాలి, అది కష్టమేమీ కాదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది, మీ ఉత్తరం రెండుసార్లు చదివాక పట్టుకున్నాను. ఆ రాయి ఏం చెబుతోంది? మీ ముత్తాత ఫలానా ఆయన కొడుకు అని. మీ దాయాదులు దాన్ని కాదన్నారా? లేదే! వాళ్ళూ ఆయన వంశమేనని వాళ్ళే చెప్పుకుంటున్నారు. వాళ్ళు కాదంటున్నది మీ తాత ఆయన కొడుకన్న విషయం. నిచ్చెనలో విరిగిన మెట్టు అది. దాని గురించి ఈ రాయి ఒక్క ముక్క కూడా చెప్పడం లేదు. ఎవరూ అనుమానించని మెట్టుకు మీ దగ్గర రాతి సాక్ష్యం ఉంది, అనుమానించిన మెట్టుకు ఏమీ లేదు. దీనికోసం టెన్షన్ పడకండి, వెతకాల్సిన చోటు మారింది, అంతే.

మళ్ళీ అదే సమాధుల తోటకు వెళ్ళండి, కానీ ఈసారి మీ ముత్తవ్వ రాయి దగ్గరికి. పాత రాళ్ళ కింద భాగంలో, ఒక్కోసారి మట్టిలో కూరుకుపోయిన వరుసలో, దాన్ని కట్టించిన కొడుకుల పేర్లు చెక్కిస్తారు. అందులో మీ తాత పేరు కనిపిస్తే మీ కేసు సగం గెలిచినట్టే, ఎందుకంటే కన్నతల్లి సమాధి మీద కొడుకుల వరుసలో పరాయివాడి పేరు ఎందుకు చెక్కిస్తారో చెప్పుకోవాల్సిన కష్టం అప్పుడు వాళ్ళది. తర్వాత మీ తాత రాయి. అందులో తండ్రి పేరు ఉంటే మంచిదే, కాకపోతే ఆ రాయి వేయించింది మీ నాన్నగారే అయి ఉంటారు కాబట్టి ‘మీరు రాయించుకున్నదే కదా’ అంటారు. అది గొడవకు ముందుదైతే చెల్లుతుంది గానీ బరువు తక్కువ. తాతకు అక్కచెల్లెళ్ళు, చిన్నప్పుడే పోయిన తమ్ముళ్ళు ఉంటే వాళ్ళ రాళ్ళూ చూడండి. ఒకే కుటుంబం వాళ్ళను పక్కపక్కనే పూడ్చడం అలవాటు కాబట్టి ఏ రాయి పక్కన ఏది ఉందో చేత్తో ఒక పటం గీసుకోండి. పటం ఒక్కటే రుజువు కాదు, కానీ రేపు కమిషనర్ గారు వచ్చినప్పుడు తడుముకోకుండా ఉంటుంది.

ఫోటోలు తీసేటప్పుడు మిట్టమధ్యాహ్నం వెళ్ళకండి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ పక్కవాటుగా పడేటప్పుడు చెరిగిన అక్షరాల గాడిలో నీడ పడి అవే లేచి కనిపిస్తాయి, ఎండ లేకపోతే ఒక అద్దంతో వెలుతురు పక్క నుంచి కొట్టండి. సుద్ద రుద్దొద్దు, తీగ బ్రష్ వద్దు, ఆసిడ్ అసలే వద్దు, మంచినీళ్ళు పోసి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. రాయి మొత్తం, తర్వాత ఒక్కో వరుస, తర్వాత చుట్టుపక్కల రాళ్ళతో కలిపి తీయండి. ఫోన్‌లో తీసిన ఒరిజినల్ ఫైలు జాగ్రత్త, వాట్సాప్‌లో వచ్చిన కాపీని కోర్టుకు తెచ్చి ఇదే ఒరిజినల్ అంటే కుదరదు. ఎలక్ట్రానిక్ రికార్డుకు సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. రాయిని పెకలించి కోర్టుకు తేవాలేమోనని ఒకాయన నన్ను సీరియస్‌గానే అడిగాడు. అక్కర్లేదు, సులభంగా కదిలించలేని వస్తువుకు నకలు సాక్ష్యం ఇవ్వవచ్చని సెక్షన్ 60లో ఉంది. దావా వేశాక సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని అర్జీ పెడదాం, ఆయన చూసి రాసిన రిపోర్టుకు మీ ఫోన్ ఫోటోల కంటే విలువ ఎక్కువ.

ఇప్పుడు పాస్టర్ గారి సంగతి. మీరు ఖననాల రిజిస్టర్ అడిగి ఉంటారు. చర్చి ప్రభుత్వ ఆఫీసు కాదు, సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడితే ఉపయోగం లేదు. కానీ మీకు నిజంగా కావలసింది ఖననాల రిజిస్టర్ కాదు, మీ తాత బాప్తిస్మం రిజిస్టరు, పెళ్ళి రిజిస్టరు. వివాహ రిజిస్టర్ విషయంలో మీకు గట్టి హక్కు ఉంది. భారత క్రైస్తవ వివాహ చట్టం 1872 సెక్షన్ 79 ప్రకారం ఆ రిజిస్టర్ ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు ఫీజు తీసుకుని వెతకనివ్వాలి, సంతకం పెట్టిన నకలు ఇవ్వాలి. ఆ నకలు సాక్ష్యంగా పనికొస్తుంది. ఆ చట్టం నమూనాలో వధూవరుల తండ్రి పేరుకు ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది! మీ తాత పెళ్ళినాడు ఆ గడిలో ఎవరి పేరు రాయించారో అదే మీకు కావాలి. పాస్టర్ గారితో గొడవ పెట్టుకోకుండా సెక్షన్ నంబరు వేసి మర్యాదగా ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి. మిగతా రిజిస్టర్లకు ఆయన ఒప్పుకోకపోతే దావాలో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 16 కింద సమన్లు ఇప్పించి కోర్టుకు తెప్పించవచ్చు. రిజిస్టర్ 30 ఏళ్ళు దాటి, ఉండాల్సిన చోటి నుంచే వస్తే చేతిరాత, సంతకాలు నిజమేనని కోర్టు అనుకోవచ్చు (సాక్ష్య అధినియం సెక్షన్ 92), అయితే అందులో రాసిందంతా నిజమని దాని అర్థం కాదు.

ఇంట్లో పాత బైబిల్ ఉందా? మొదటి పేజీల్లో పుట్టిన తేదీలు, పెళ్ళిళ్ళు రాసుకునే అలవాటు చాలా ఇళ్ళలో ఉండేది. పాత ఫోటోల వెనక రాసిన పేర్లు, తాత రాసిన ఉత్తరాలు, ఏవీ చెత్తలో వేయకండి. 1931 మరణానికి ఇప్పటి 1969 చట్టం కింద సర్టిఫికెట్ ఉండదు గానీ అప్పట్లో మునసబులు రాసిన జనన మరణ రిజిస్టర్లు కొన్నిచోట్ల తహశీల్దారు ఆఫీసులో మిగిలి ఉన్నాయి. మీ తాత పుట్టుక అందులో దొరికితే తండ్రి పేరు ఉండవచ్చు, ఒకసారి అర్జీ పెట్టి చూడండి.

మనుషుల్ని మర్చిపోవద్దు. మీ తాతను ఆ ఇంట్లో కొడుకుగా చూశారా, పనివాడిగా చూశారా అన్నది కళ్ళారా చూసిన ముసలావిడ ఎవరైనా ఉంటే ఆమె మాట రాయి కంటే బలంగా పని చేయవచ్చు. సాక్ష్య అధినియం సెక్షన్ 44 (పాత చట్టంలో 50) అదే. ‘కొడుకని విన్నాను’ అంటే చాలదు, కొడుకుగానే నమ్మి అలాగే మెలిగారని ప్రవర్తన చూపించాలి, 1959లో దోల్‌గోవింద పరిచా కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. అంత్యక్రియల్లో ముందు ఎవరు నడిచారు, పెళ్ళి శుభలేఖలో ఎవరి పేరు వేశారు, ఇలాంటివి. సాక్షి వయసు మీరినవారైతే దావా వేసిన వెంటనే ఆర్డర్ 18 రూల్ 16 కింద ముందుగానే వాంగ్మూలం తీసుకోమని అడగవచ్చు. ఆలస్యం చేయకండి, సాక్షులు మనకోసం ఆగరు.

ఇవన్నీ దొరికినా, ‘సాక్ష్యంగా తీసుకుంటాం’ అనడం వేరు, ‘నమ్ముతాం’ అనడం వేరు. బిహార్‌లో బెట్టియా రాజు హరేంద్ర కిశోర్ సింగ్ 1893లో పిల్లలు లేకుండా పోయాడు, చిన్న రాణి 1954లో పోయింది, ఆ తర్వాత వారసులమంటూ వంశవృక్షాలు పట్టుకుని వచ్చినవాళ్ళతో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1983లో రాధాకృష్ణ సింగ్ కేసులో కోర్టు ఆ వంశవృక్షాలను ఒక్కో కాగితం విప్పి చూసి, ఎవరు రాశారు, ఏ ఆధారంతో రాశారు, గొడవకు ముందా తర్వాతా అని అడిగి, చివరికి వారసత్వం రుజువు కాలేదంది. మీ తమ్ముడు ఇప్పుడు కంప్యూటర్‌లో వంశవృక్షం తయారు చేస్తే అది మనకు గుర్తు పెట్టుకోవడానికి పనికొస్తుంది, అంతే.

సమాధి తవ్వించడం మర్చిపోండి. మీ తాత మగ సంతతిలో మీరు బతికే ఉన్నారు, వాళ్ళ వైపు మగవాళ్ళూ బతికే ఉన్నారు. డీఎన్‌ఏ అవసరమే అయితే బతికున్నవాళ్ళ మధ్యే చేస్తారు, దానికీ కోర్టులు మామూలుగా ఆదేశాలివ్వవు, ముందు మిగతా సాక్ష్యం చూస్తాయి.

వంశం రుజువైనంత మాత్రాన భూమి చేతికి రాదని కూడా తెలుసుకోండి. క్రైస్తవులకు భారత వారసత్వ చట్టం 1925 వర్తిస్తుంది, పుట్టుకతో వచ్చే హక్కు లేదు, ఎవరు ఎప్పుడు పోయారో దాన్ని బట్టి వాటా లెక్క. ఒక వారసుడి స్వాధీనం అందరి స్వాధీనమే అన్న సూత్రం మీకు అనుకూలం, కానీ మీ హక్కును బాహాటంగా కాదని స్వాధీనంలో ఉంటూ 12 ఏళ్ళు గడిపారని వాళ్ళు రుజువు చేస్తే కష్టం. కాబట్టి ‘మీరు వంశం కాదు’ అని మొదటిసారి ఎప్పుడన్నారో, ఎవరి ముందు అన్నారో ఈరోజే ఒక కాగితం మీద తేదీతో రాసి పెట్టుకోండి. దావా వేసేటప్పుడు వారసులమని ప్రకటించమని మాత్రమే అడగకూడదు, పంపకం, స్వాధీనం కూడా కలిపి అడగాలి, లేకపోతే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 34 అడ్డొస్తుంది.

ముత్తవ్వ రాయి ఫోటోలు, వివాహ రిజిస్టర్ నకలు చేతికి వచ్చాక మళ్ళీ రాయండి. ఆ తండ్రి పేరు గడిలో ఏముందో చూడకుండా మీ దావా డ్రాఫ్ట్ చేయడం నాకిష్టం లేదు.