ఉపాధ్యాయుల ప్రశ్నలు: తరగతి గదికి పనికొచ్చే ఆన్‌లైన్ వనరులు

ఈ నెల ఈ శీర్షికకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బడిలో పాఠాలు చెప్పేవారు రాసినవే. అందరి ఇబ్బందీ దాదాపు ఒక్కటే: ఇంటర్నెట్‌లో బోధన సామగ్రికి కొదవ లేదు గాని, రేపు ఉదయం రెండో పీరియడ్‌లో పనికొచ్చేది దొరకడం కష్టంగా ఉంది. వాటిలో అయిదు ప్రశ్నలను ఎంచి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తున్నాను. పదో తరగతి విద్యుత్ పాఠం కోసం వెతికితే వందల వీడియోలు వస్తున్నాయి. రాత్రి పొద్దుపోయేదాకా చూసినా ఏది చూపించాలో తేలడం లేదు. తెలుగులో వెతికితే ఫలితాలు మరీ తక్కువ. ఎలా వెతకాలో చెప్పగలరా?
— ఒక ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా

జవాబు: పాఠం పేరుతో వెతకడమే మీ శ్రమకు మూలం. విద్యుత్ అని అడిగితే పోటీ పరీక్షల శిక్షణ తరగతుల నుంచి చిన్నపిల్లల బొమ్మల వరకు అన్నీ వచ్చిపడతాయి. అందుచేత ఫోను చేతిలోకి తీసుకోకముందే, ఆ పాఠంలో మీ విద్యార్థులు సరిగ్గా ఎక్కడ తడబడుతున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఉదాహరణకు, బల్బు కొంత కరెంటును వాడేసుకుంటుందని, అందువల్ల బల్బు దాటిన తరువాత తీగలో ప్రవహించే కరెంటు తగ్గిపోతుందని చాలామంది పిల్లలు నమ్ముతారు. ఓమ్ నియమాన్ని తప్పు లేకుండా రాసి, లెక్క చేసి, పూర్తి మార్కులు తెచ్చుకునే విద్యార్థిలో కూడా ఈ నమ్మకం చెక్కుచెదరకుండా ఉండవచ్చు. మీకు కావలసింది విద్యుత్ పాఠం మొత్తాన్ని మళ్లీ చెప్పే వీడియో కాదు, ఈ ఒక్క అపోహను పిల్లల చేతనే పరీక్షింపజేసే సాధనం.

అటువంటి సాధనం ఉంది. భౌతిక శాస్త్రంలో 2001లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ వీమన్, 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ అనే ప్రాజెక్టును ప్రారంభించారు. అందులోని సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ అనే సిమ్యులేషన్‌లో, అంటే ప్రయోగాన్ని తెర మీద అనుకరించే సాధనంలో, బ్యాటరీ, బల్బు, నిరోధకం, తీగలు, స్విచ్చి, అమ్మీటరు, వోల్ట్‌మీటరు ఉంటాయి. విద్యార్థి వాటిని తెర మీద లాగి కలుపుకొని తనే వలయం కట్టవచ్చు. ముందుగా తరగతిని ఒక ప్రశ్న అడగండి: బల్బుకు ముందు ఒక అమ్మీటరు, బల్బు తరువాత మరొక అమ్మీటరు పెడితే ఏది ఎక్కువ చూపిస్తుంది? ప్రతి విద్యార్థి తన ఊహను నోటుపుస్తకంలో రాసిన తరువాతే వలయాన్ని కలపాలి. రెండు మీటర్లూ ఒకే విలువ చూపినప్పుడు తరగతిలో మొదలయ్యే వాదన ఉంది చూడండి, దాని కోసమే ఈ ఏర్పాటంతా. ఊహ రాయించకుండా నేరుగా చూపిస్తే పిల్లలు తల ఊపి ఊరుకుంటారు. పాత నమ్మకం పాతచోటనే ఉండిపోతుంది. ఈ సిమ్యులేషన్లను ఇంట్లో డౌన్‌లోడు చేసుకుంటే బడిలో నెట్ లేకపోయినా పనిచేస్తాయి. ఫెట్ సిమ్యులేషన్లలో కొన్ని తెలుగులో కూడా దొరుకుతాయి. ఉచితంగా ఉపాధ్యాయ ఖాతా తెరిస్తే ఇతర దేశాల ఉపాధ్యాయులు తయారుచేసిన వర్క్‌షీట్లు కూడా చూడవచ్చు. వాటిని ఉన్నదున్నట్టు వాడకుండా మీ పిల్లల స్థాయికి కుదించుకోండి.

తెర మీద చూసినది చేతికి కూడా తగలాలి. టార్చిలైటు సెల్లు, చిన్న బల్బు, రెండు తీగలు ఉంటే ఆ వలయాన్నే బల్ల మీద కట్టించవచ్చు. అరవింద్ గుప్తా గారు దశాబ్దాలుగా పారేసే వస్తువులతో చేసిన బొమ్మలు, చిన్న మోటార్లు, వాటిని తయారుచేసే విధానం చూపే కొద్ది నిమిషాల చిత్రాలు ఆయన వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. పరికరాలు అటకెక్కి తాళం పడిన ప్రయోగశాలలు ఉన్న బడులకు వీటికి మించిన ఆసరా లేదని మా అభిప్రాయం. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు పాఠ్యాంశాల్లోని ప్రయోగాల కోసం అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ సంస్థలు కలిసి రూపొందించిన ఓల్యాబ్స్ కూడా ఉంది.

ఇక వెతికే పద్ధతి. తెలుగులో ఫలితాలు తక్కువగా రావడానికి ఒక కారణం ఏమిటంటే, మన దగ్గర ఏళ్ల తరబడి తయారైన పాఠాలు, ప్రశ్నపత్రాలు ఎన్నో అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్‌లో కాక ‘అను’ వంటి పాత ఫాంట్లలో టైపు చేసినవి. కళ్లకు తెలుగుగా కనిపించే ఆ పీడీఎఫ్‌లలోని అక్షరాలను సెర్చి యంత్రం తెలుగుగా గుర్తించలేదు. అందుచేత రెండు భాషల్లోనూ వెతకాలి. రెండు రాష్ట్రాల ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో తెలుగు పేజీకి ఎదురుగా ఇంగ్లీషు పేజీ ఉంటుంది కనుక సాంకేతిక పదాన్ని అక్కడి నుంచి తీసుకుని, దానికి మిస్‌కన్సెప్షన్ అనో యాక్టివిటీ అనో వర్క్‌షీట్ అనో చేర్చండి. ముద్రించుకునే కాగితాలే కావాలంటే ఫైల్‌టైప్ అనే మాట, కోలన్, పీడీఎఫ్ అనే మూడింటినీ ఖాళీ వదలకుండా ఇంగ్లీషు అక్షరాల్లో చివర జోడించండి. వీడియోనే కావాలనుకుంటే అయిదారు నిమిషాలకు మించనిది ఎంచుకుని, మధ్యలో ఆపి ప్రశ్న అడగగలిగిన చోటు ముందే గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: ఏజెన్సీలో ఏకోపాధ్యాయ పాఠశాల నాది. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. కొందరి ఇంటి భాష సవర. సిగ్నలు కొండ ఎక్కితేనే వస్తుంది. చదవడం నేర్పడానికి ఏమైనా దొరుకుతుందా?
— ఒక ఉపాధ్యాయిని, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: మీకు కావలసినవి ఒకసారి దించుకుంటే ఏడాదంతా పనికొచ్చే వనరులు. మొదటగా ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైటు చూడండి. అందులో తెలుగు కథలు చాలా ఉన్నాయి. ప్రతి కథకూ చదివే స్థాయిని బట్టి ఒకటి నుంచి నాలుగు వరకు అంకె ఉంటుంది. పేజీకి ఒక వాక్యమున్న కథ ఒకటో స్థాయి. ధారాళంగా చదివేవారికి నాలుగో స్థాయి. అయిదు తరగతులు ఒకే గదిలో ఉన్న మీకు ఈ అంకె బాగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే నాలుగో తరగతిలో ఉండి కూడా ఇంకా పదాలు కూడబలుక్కునే బిడ్డకు, తరగతి పేరు ఎత్తకుండానే, తగిన పుస్తకం ఇవ్వవచ్చు. మండల కేంద్రానికి వెళ్లిన రోజున పీడీఎఫ్‌లు దించుకుని, కొన్నింటిని ముద్రించి, దారంతో కుట్టి గదిలో తీగకు వేలాడదీయండి.

ఈ కథలు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి కనుక వాటిని మార్చుకోవచ్చు, అనువదించుకోవచ్చు. తెలుగు వాక్యం కింద ఖాళీ ఉంచి ముద్రించి, ఊరి పెద్దల్లో ఒకరిని బడికి పిలిచి, అదే వాక్యాన్ని సవరలో చెప్పించి, పెద్ద పిల్లల చేత తెలుగు లిపిలో రాయించండి. అలా తయారైన పుస్తకానికి సాటివచ్చేది ఏ వెబ్‌సైటులోనూ దొరకదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉన్నప్పుడు సవర భాషను నేర్చుకుని, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. మీరు పనిచేస్తున్న ప్రాంతానికి ఆ వారసత్వం ఉంది.

2017 ఉపాధ్యాయ దినోత్సవం నాడు ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షను కూడా ఇలాగే వాడుకోవచ్చు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను కెమెరా చదవలేకపోతే, దాని కింద ఉన్న ఆరు అక్షరాల కోడ్‌ను టైపు చేసినా పాఠం తెరుచుకుంటుంది. సిగ్నలున్న చోట దించుకున్నవి తరువాత నెట్ లేకుండానే నడుస్తాయి. అయితే అందులోని సామగ్రి అంతా ఒకే నాణ్యతతో లేదు. పుస్తకంలోని పేరాలను చదివి వినిపించే వీడియోలను వదిలేసి, పిల్లలతో ఏదైనా చేయించేవాటినే దాచుకోండి. నెట్ లేకపోయినా టీవీ ఉంటే పీఎం ఈవిద్య చానళ్లను డిష్ ద్వారా చూడవచ్చు గాని, అవి మీ వేళకు ఆగవు కనుక వాటి మీద ఆధారపడమని చెప్పలేము.

ప్రశ్న: గూగుల్‌లో దొరికిన బొమ్మలతో వర్క్‌షీట్లు చేసి తరగతిలో పంచుతుంటాను. ఇప్పుడు వాటిని పుస్తకంగా అచ్చువేసి విద్యార్థులకు అమ్ముతామని మా యాజమాన్యం అంటోంది. ఇందులో తప్పేమైనా ఉందా?
— ఒక ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని, గుంటూరు

జవాబు: మీరు ఇప్పటివరకు చేసిన పని వేరు, యాజమాన్యం తలపెట్టిన పని వేరు. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను, బోధనలో భాగంగా ఉపాధ్యాయులు గాని విద్యార్థులు గాని ఒక రచనను పునరుత్పత్తి చేస్తే అది ఉల్లంఘన కాదని చెబుతోంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పుస్తక భాగాల జిరాక్సు సంపుటాల మీద ప్రచురణకర్తలు వేసిన వ్యాజ్యంలో, 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగానే అర్థం చెప్పింది. కాని ఆ బొమ్మలను పుస్తకంగా అచ్చువేసి ధర కట్టి అమ్మడానికి ఈ మినహాయింపును అడ్డం పెట్టుకోవడం సరికాదు. గూగుల్ వెతికి చూపిస్తుందే తప్ప బొమ్మలకు యజమాని కాదు.

అచ్చు పుస్తకమే కావాలంటే వికీమీడియా కామన్స్‌లోని చిత్రాలతో మొదలుపెట్టండి. అక్కడ స్వేచ్ఛగా వాడుకోదగిన దస్త్రాలనే ఉంచుతారు. ప్రతి చిత్రం కింద షరతు రాసి ఉంటుంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో బీవై అంటే కర్త పేరు చెప్పాలి. ఎస్‌ఏ అంటే మీరు మార్చి ప్రచురించినదాన్ని కూడా అవే షరతులతో ఇతరులకు వదలాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ అంటే మార్చి పంచకూడదు. మీ యాజమాన్యం అమ్మబోతోంది కనుక ఎన్‌సీ ఉన్నవి పక్కన పెట్టాలి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా డౌన్‌లోడు అవుతున్నాయి కదా అని వాటి పేజీలను పునర్ముద్రించకూడదు; చదువుకోవడానికి ఉచితంగా ఇచ్చినంత మాత్రాన ప్రచురణ హక్కు ఇచ్చినట్టు కాదు. ఇది యాజమాన్యానికి నోటిమాటగా కాక రాతపూర్వకంగా తెలపండి. పుస్తకం మీద మీ పేరు ఉంటే రేపు జవాబు చెప్పవలసిందీ మీరే అవుతారు.

ప్రశ్న: సాంఘిక శాస్త్రం చెబుతాను. పర్యావరణ పాఠాల్లో ఎక్కడెక్కడి ఉదాహరణలో ఉంటాయి. మా పిల్లలకు తెలిసిన చోటును చూపించే మార్గం ఉందా?
— ఒక ఉపాధ్యాయుడు, ఏలూరు జిల్లా

జవాబు: కొల్లేరు పక్కనే ఉన్న మీకు అంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. గూగుల్ ఎర్త్‌లోని టైమ్‌లాప్స్ 1984 నుంచి ఏడాదికి ఒక ఉపగ్రహ చిత్రం చొప్పున వరుసగా చూపిస్తుంది. కొల్లేరు మీద దాన్ని నిలిపి ముందుకు జరిపితే, సరస్సు భూమిలోకి చేపల చెరువుల గట్లు గళ్లు గళ్లుగా విస్తరించడం కనిపిస్తుంది. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరడం, 2006లో చెరువుల గట్లను తెగ్గొట్టడం, ఈ సంవత్సరాల దగ్గర బొమ్మను ఆపి, ముందు వెనుకల తేడాను పిల్లల చేత గీయించండి. ఒక జాగ్రత్త చెప్పాలి: వానలు బాగా కురిసిన ఏడాది నీరు ఎక్కువగా కనిపిస్తుంది కనుక, రెండు చిత్రాలను చూసి సరస్సు పెరిగిందనో తరిగిందనో తేల్చనివ్వవద్దు. ఇస్రో 2009లో తెచ్చిన ఉపగ్రహ పటాల పోర్టల్ భువన్‌లో మీ మండలాన్ని వెతికి, భూవినియోగ పటాన్ని దీనికి జతచేయవచ్చు. చేపల చెరువుల మీద బతుకుతున్న ఇళ్ల పిల్లలూ మీ తరగతిలో ఉంటారు. వారి పెద్దల మాటను కూడా సేకరించి రమ్మనండి, ఆ తరువాతే చర్చ పెట్టండి.

ప్రశ్న: కృత్రిమ మేధ చాట్‌బాట్‌ను వేమన పద్యాలు అడిగితే, ఎన్నడూ వినని పద్యాలు కూడా ఇస్తోంది. నమ్మవచ్చా?
— ఒక తెలుగు ఉపాధ్యాయిని, విజయనగరం జిల్లా

జవాబు: మూలం చూడకుండా నమ్మవద్దు. ఈ యంత్రాలు పద్యంలా వినిపించే నాలుగు పాదాలను అప్పటికప్పుడు అల్లి, చివర వేమన మకుటం తగిలించగలవు. మొదటి పరీక్ష మీ చేతిలోనే ఉంది: వేమన పద్యాలు ఎక్కువగా ఉండే ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాలకు అయిదేసి సూర్యగణాలు. గణాలు విడదీస్తే కల్పిత పద్యాలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. ఛందం అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఈ పని క్షణంలో చేస్తుంది గాని, తొమ్మిదో తరగతి పిల్లల చేత చేయిస్తే అది మంచి వ్యాకరణ అభ్యాసం అవుతుంది. గణాలు కుదిరినంత మాత్రాన పద్యం వేమనది అయిపోదు. కాబట్టి తెలుగు వికీసోర్స్‌లోని ముద్రిత ప్రతులలో మొదటి పాదంతో వెతకండి, అర్థం తెలియని మాటలకు ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటువులు చూడండి. ప్రతులలో కనిపించని పద్యాన్ని వేమనదిగా నల్లబల్ల మీద రాయవద్దు. చాట్‌బాట్‌ను వాడదలిస్తే, సరిచూసిన పద్యాన్ని మీరే ఇచ్చి, దాని మీద వివిధ స్థాయిల ప్రశ్నలు తయారుచేయమనండి. వాటిలో సగం కొట్టివేయవలసి వచ్చినా మిగిలిన సగం మీకు పని తగ్గిస్తాయి. విద్యార్థుల పేర్లు, మార్కుల జాబితాలు మాత్రం అందులో పెట్టకండి.