సౌర కణమా, సౌరఘటమా?

సందేహం: డిగ్రీ విద్యార్థుల కోసం రాస్తున్న పాఠానికి ‘సంకర పాలిమర్–అకర్బన సౌర కణాల సామర్థ్యాన్ని పెంచడం’ అని పేరు పెట్టాను. ‘కణం’, ‘సామర్థ్యం’ రెండూ సరికావని ఒక మిత్రుడు అంటున్నారు. ఏ మాటలు వాడాలి?

సమాధానం: మీ మిత్రుని మాటలో బలం ఉంది. పత్రికల్లో ‘సౌర కణం’ తరచు కనిపిస్తున్నా, విద్యుత్తును పుట్టించే సెల్‌ను మన శాస్త్ర పాఠ్యపుస్తకాలు ఘటం అనే అంటాయి; డేనియల్ ఘటం గురించి చదువుకున్న విద్యార్థికి సౌరఘటం కొత్త మాట కాబోదు. పైగా మీరు చెప్పబోయే ఘటంలో పాలిమర్ నడుమ అకర్బన అర్ధవాహక నానోకణాలు ఉంటాయి కనుక, ‘కణంలోని కణాల పరిమాణం’ అని రాస్తే విద్యార్థి ఏ కణమో తెలియక అక్కడే ఆగిపోతాడు. ‘ఘటంలోని కణాల పరిమాణం’ అంటే ఆ తడబాటు ఉండదు.

వాడుకలో సామర్థ్యం చక్కని మాటే. అయితే భౌతికశాస్త్రంలో అది వాట్లలో కొలిచే రాశికి స్థిరపడింది. శాతంలో చెప్పేది దక్షత. చదరపు మీటరు పలక మీద 1000 వాట్ల ఎండ పడి 200 వాట్ల విద్యుత్తు వస్తే, ఆ 200 వాట్లు సామర్థ్యం, 20 శాతం దక్షత. అలాంటి పలకనే మరొకటి పక్కన చేరిస్తే సామర్థ్యం రెట్టింపవుతుంది, దక్షత మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. 2002లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పాలిథయోఫీన్ తరగతి పాలిమర్‌లో కాడ్మియం సెలినైడ్ అనే అకర్బన అర్ధవాహకాన్ని కలిపి సాధించిన 1.7 శాతం కూడా దక్షతే. అది విస్తీర్ణం పెంచితే వచ్చింది కాదు. 7 నానోమీటర్ల మందం, 60 నానోమీటర్ల పొడవు గల ఆ అర్ధవాహకపు కడ్డీలను వాడటంతో, ఎలక్ట్రాన్లు కణం నుంచి కణానికి దూకవలసిన అవసరం తగ్గినందువల్ల వచ్చింది. వోల్టేజి, మన్నిక వంటివి కూడా మీ పాఠంలో ఉంటే ‘పనితీరు’ అనండి.

మీరు అడగకపోయినా ‘సంకర’ గురించి ఒక మాట చెప్పాలి. సంకర విత్తనంలో రెండు వంగడాల గుణాలు ఒక్కటిగా కలిసిపోతాయి. ఇక్కడ పాలిమర్, అకర్బన పదార్థం దేనికదిగా మిగిలి ఉంటాయి. ఆ రెండింటి సరిహద్దు వద్దనే విద్యుదావేశాలు విడిపోతాయి. భాగాలు తమ గుణాలను నిలుపుకొనే కలయికను రసాయనశాస్త్రం మిశ్రమం అంటుంది కాబట్టి, ‘పాలిమర్–అకర్బన మిశ్రమ సౌరఘటాల దక్షతను పెంచడం’ అన్నది నాకు నచ్చిన రూపం. పాలిమర్‌ను మాత్రం మార్చకండి. అది పాఠశాల పుస్తకం నుంచి కర్మాగారం దాకా అందరికీ తెలిసిన మాట.