దుప్పటి ఇచ్చే ముందు ఒక మాట అడగండి

ప్రశ్న: నిరుటి ధనుర్మాసంలో మా అపార్ట్‌మెంటు వాళ్లమంతా చందాలు వేసుకుని, రైల్వే స్టేషన్ దగ్గర షాపుల ముందు పడుకునేవారికి నలభై దుప్పట్లు పంచాము. పది రోజుల తరువాత అటు వెళితే రెండో మూడో తప్ప కనిపించలేదు. అమ్ముకుని తాగేశారని మావాళ్లు అంటున్నారు. ఈ ఏడాది ఏం చేస్తే బాగుంటుంది?
- ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్ముకున్నవారు కొందరు ఉండవచ్చు, కాదనను. అయితే మన ఇళ్లలో దుప్పటి పెట్టుకోవడానికి బీరువా ఉంటుంది. తెల్లవారి షాపు షట్టర్ లేచే వేళకు ఆ దుప్పటిని ఎక్కడ దాచాలన్నదే బయట పడుకునే మనిషికి మొదటి చిక్కు. ఏ చెట్టు కొమ్మకో తగిలించి కూలికి పోతే సాయంత్రానికి ఎవరో ఎత్తుకుపోతారు, లేదంటే అది చెత్తబండిలోకి వెళ్లిపోతుంది. కొన్నేళ్ల కిందట నేనూ ఇలాగే ఒక పెద్దాయన చేతిలో దుప్పటి పెట్టాను. ఆయన మడత విప్పకుండానే దాన్ని తిరిగి నాకు ఇచ్చి, తన కాళ్లు చూపించారు. మడమలు నెత్తురు చిమ్మేటట్టు పగిలి ఉన్నాయి. ఆయనకు కావలసింది ఒక జత హవాయి చెప్పులు, కాస్త వాజిలీను. ముందే అడిగి ఉంటే రెండు వందల్లో తేలిపోయే పని.

కాబట్టి పంపిణీ తలపెట్టక ముందే మీలో ఇద్దరు ముగ్గురు వెళ్లి, వాళ్లు ఇంకా పడుకోని వేళలో కూర్చుని పలకరించి రండి. నిద్రపోతున్నవారిని తట్టి లేపి ఫొటో తీసుకోవడాన్ని నేను సాయంగా లెక్కించను. అన్నం సంగతికి వస్తే, అన్న క్యాంటీన్లలో పూట భోజనం 5 రూపాయలకే దొరుకుతోంది గనుక నడవగలిగినవారికి పొట్లాలు మోసుకెళ్లనక్కర లేదు. నడవలేనివారెవరో గుర్తించి, పండుగ రోజున కాక ప్రతిరోజూ వారికి అన్నం అందేటట్టు మీలో మీరు వంతులు వేసుకోండి.

ఇక తల దాచుకునే చోటు. లక్ష జనాభాకు వంద మంది పట్టే వసతి గృహం ఒకటి ఉండాలన్న సుప్రీంకోర్టు ఆదేశం 2010 నాటిది. తరువాత జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లోనూ అదే లెక్కను పెట్టుకున్నారు. ఇవి పగలు కూడా తెరిచి ఉండవలసినవి కనుక, మనం వాడుకగా అనే నైట్ షెల్టర్ అన్న పేరు నిజానికి పొరపాటే. మీ ఊళ్లో ఇవి ఎక్కడున్నాయో మున్సిపల్ కార్యాలయంలో పట్టణ పేదరిక నిర్మూలన పనులు చూసే మెప్మా విభాగం వారు చెబుతారు. ఉన్నా ఎందుకు వెళ్లరంటే, రిక్షాను బయట వదిలి కంటి నిండా నిద్రపోలేనివారు, భార్యాభర్తలను వేరువేరు చోట్ల ఉంచుతారంటే ఒప్పుకోనివారు, అడ్డా దూరమైతే పొద్దున్నే పని తప్పిపోతుందని భయపడే కూలీలు వీరిలో ఉంటారు. చిరునామా చెప్పి పంపితే ఎవరూ కదలరు. ముందుగా మీరు వెళ్లి స్నానాల గది, తాళం పెట్టె ఉన్నాయో లేదో చూసుకుని, మొదటి రాత్రి వెంటబెట్టుకుని తీసుకువెళ్లండి.

నా మట్టుకు నాకు అన్నిటికంటె విలువైన సాయం కాగితాల పని. 60 ఏళ్లు నిండిన పేదలకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది, కానీ ఆధార్ లేనిదే దరఖాస్తే కదలదు. కార్డు పోగొట్టుకున్నవారి వివరాలను ఆధార్ కేంద్రంలో వేలిముద్రతోనో, అవి అరిగిపోతే కనుపాపతోనో వెతికి తీయవచ్చు. దీనికి ఖర్చయ్యేది ఆటో ఛార్జీ, కేంద్రంలో కట్టే చిన్న రుసుము, మీ ఒక పూట ఓపిక.

ప్రశ్న: మా బస్టాండులో ఒకామె తనలో తాను మాట్లాడుకుంటూ తిరుగుతోంది. కుర్రాళ్లు ఆటపట్టిస్తున్నారు. ఎవరికి చెప్పాలి?
- ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: 112కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 100వ సెక్షన్ ప్రకారం, తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనోరోగిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల లోపల దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు చేర్చవలసిన బాధ్యత పోలీసులదే. ఆమెను లాకప్‌లో ఉంచడానికి వీల్లేదు. ఇల్లు లేనివారైతే తప్పిపోయిన మనిషిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, కుటుంబాన్ని వెతకడం కూడా స్టేషన్ అధికారి విధి. ఈ సంగతి మర్యాదగానే గుర్తు చేయండి. వాళ్లు వచ్చే దాకా, వీలైతే మరో మహిళను తోడు తెచ్చుకుని, కాస్త ఎడంగా ఆమెకు కనిపించే చోట నిలబడండి. చెయ్యి పట్టుకుని లాగవద్దు. ఆమెతో ఎలా మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416లో అడగవచ్చు.

ప్రశ్న: మా వీధి షాపు ముందు పడుకునే రిక్షా ఆయనకు చిరునామా లేదు కాబట్టి ఓటు రాదని అందరూ అంటున్నారు. నిజమేనా?
- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఏలూరు

జవాబు: నిజం కాదు. ఆయన పడుకునే చోటునే చిరునామాగా రాసి, ఓటర్ల జాబితాలో కొత్తగా పేరు చేర్చుకునే దరఖాస్తు అయిన ఫారం-6 ఇప్పించండి. బూత్ స్థాయి అధికారి ఒకటి కంటె ఎక్కువ రాత్రులు వచ్చి, ఆయన అక్కడే నిద్రిస్తున్నారని చూసుకుంటే నివాసానికి వేరే రుజువు అడగరు. అందుచేత ఆ షాపు యజమానికి సంగతి ముందే చెప్పి, ఆ నాలుగు రోజులూ ఆయనను అక్కడి నుంచి లేపవద్దని కోరండి.