వెర్డాన్ గార్జ్ చుట్టూ సైకిల్ మీద: మీ ప్రశ్నలకి జవాబులు

ఫ్రాన్స్ దక్షిణాన వెర్డాన్ నది లోయ (అదే గార్జ్), దాని కింద ఉండే సాంత్ క్రువా సరస్సు గురించి ఈ నెల ఉత్తరాలు బానే వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్ర: జూలైలో అటు వెళ్తున్నాం. రోడ్ బైక్ మీద గార్జ్ మొత్తం ఒక్కరోజులో చుట్టేసి, రూట్ దె క్రెత్ (లా పాలూ ఊరి దగ్గర లోయ అంచున చుట్టి వచ్చే రోడ్డు) కూడా అందులోనే కలిపేద్దామని ప్లాన్. వీకెండ్ 80 కిలోమీటర్లు తొక్కే అలవాటుంది కానీ మేముండే చోట అంతా చదును. కుదురుతుందా? ఏ వైపు నుంచి మొదలెట్టాలి?

జ: కుదరదని అనను గానీ కలపొద్దనే చెప్తాను. మూస్తియే ఊరి నుంచి బయల్దేరి ఉత్తరం గట్టు మీద వెళ్ళి దక్షిణం గట్టు మీంచి తిరిగొస్తే దాదాపు వంద కిలోమీటర్లు, క్రెత్ కలిపితే ఇంకో 23 పైన. ఇదంతా ఎక్కుడూ దిగుడే, మొత్తం ఎక్కే ఎత్తు రెండు వేల మీటర్లు దాటిపోద్ది. చదును మీద 80 తొక్కడానికీ దీనికీ సంబంధమే లేదండీ, పైగా జూలై ఎండ, ఆ సున్నపురాయి కొండలు మధ్యాహ్నానికి పెనంలా కాలిపోతుంటాయి. రెండు రోజులు పెట్టుకోండి, ఒకరోజు పెద్ద రౌండు, ఒకరోజు లా పాలూ ఊళ్ళో దిగి క్రెత్ ఒక్కటే. సెలవు పెట్టుకుని వెళ్ళేది చూడ్డానికే కదా, చివరి ముప్ఫై కిలోమీటర్లు తల దించుకుని హ్యాండిల్ బార్ చూసుకుంటూ వస్తే ఏం లాభం.

ఇక ఏ వైపు అంటే, గడియారం ముల్లు తిరిగే వైపు. అక్కడ బండి నడిపేది కుడి పక్కన కాబట్టి అలా వెళ్తే ఉత్తరం గట్టు మీదా దక్షిణం గట్టు మీదా కూడా లోయ మీ కుడిచేతి వైపే ఉంటుంది, మధ్యలో ఎదురొచ్చే కార్లు అడ్డురావు, ఫోటోకి ఆగాలన్నా రోడ్డు దాటక్కర్లేదు. మూస్తియే నుంచి ఎక్కుతూ వెయ్యి మీటర్ల పైన ఒక కనుమ దాటాక లా పాలూ వస్తుంది, అక్కణ్ణుంచి పువాన్ సుబ్లీమ్ వ్యూ పాయింట్, దాని తర్వాత ఒక టన్నెల్, నది పక్కకి దిగుడు. పోన్ దె సొలెయ్ దగ్గర కుడికి తిరిగి త్రిగాన్స్ ఊరి మీదుగా దక్షిణం గట్టు ఎక్కుతారు. ఆ గట్టు రోడ్డునే కోర్నీష్ సుబ్లీమ్ అంటారు.

నన్నడిగితే అసలు సరుకంతా ఈ కోర్నీష్ మీదే ఉంది. ఆర్త్యుబీ నది వచ్చి వెర్డాన్‌లో కలిసే చోట పైన బాల్కనీల్లాంటి వ్యూ పాయింట్లు, కాసేపటికి 182 మీటర్ల ఎత్తున ఆర్త్యుబీ వంతెన (బంగీ జంపింగ్ చేసేవాళ్ళు ఇక్కణ్ణుంచే దూకుతారు, మీరు ఆగి చూడండి చాలు, కాళ్ళకి ఆరోజు పని వేరే ఉంది), ఆ తర్వాత ఫాయే టన్నెల్స్, తర్వాత నిట్టనిలువు రాతిగోడల అంచునే రోడ్డు, అది అలా పైకి పాకుతూ దాదాపు 1,200 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. అప్పటికే అలిసిపోయి ఉంటారు కాబట్టి ఈ ఎక్కుడే అందరికీ గుర్తుండిపోతుంది. కానీ ఇలువార్ కనుమ దాటగానే సరస్సు మొత్తం ఒక్కసారి కళ్ళముందు పరుచుకుంటుంది, ఎగ్విన్ ఊరి మీదుగా దాన్ని చూసుకుంటూ కిందికి దిగడమే. ఎదురు దిశలో వెళ్ళినవాళ్ళకి ఆ సరస్సు వీపు వెనకాల ఉంటుంది, పాపం.

జూలై, ఆగస్టుల్లో క్యాంపర్ వ్యాన్లు, మోటార్ సైకిళ్ళు ఎక్కువ. తెల్లారకముందే రెడీ అయ్యి వెలుగు రాగానే బయల్దేరండి. తేదీలు మార్చుకునే వీలుంటే మే, జూన్, సెప్టెంబర్ మేలు. జూన్ చివర అయితే పక్కనే వలాన్సోల్ పీఠభూమి మీద లావెండర్ కూడా పూసి ఉంటుంది, అదొక బోనస్.

ప్ర: నాకు ఎత్తులంటే కళ్ళు తిరుగుతాయి. మావారేమో వెళ్దామని పట్టు. ఆ రోడ్ల అంచున పిట్టగోడలు ఉంటాయా?

జ: చాలాచోట్ల ఉంటాయమ్మా, కానీ పొట్టివి, సైకిల్ సీటు మీద కూర్చుంటే మన నడుము ఆ గోడ కన్నా పైనే ఉంటుంది, అందుకే కారులో వెళ్ళినప్పుడు ఏమీ అనిపించనివాళ్ళకి కూడా సైకిల్ మీద గుండె జారుతుంది. మీకు మాత్రం పై జవాబుకి రివర్స్ చెప్తాను. దక్షిణం గట్టు మీద ఎగ్విన్ నుంచి ఆర్త్యుబీ వంతెన వైపు వెళ్ళండి, అప్పుడు లోయ ఎడమ పక్కకి పోతుంది, మీరు కొండ పక్కన ఉంటారు, మధ్యలో ఒక లేన్ దూరం దొరుకుతుంది. వంతెన దాకా వచ్చి వెనక్కి తిరిగితే మళ్ళీ లోయ పక్కే కాబట్టి అక్కడికి ఎవర్నైనా కారు తెమ్మనండి.

విచిత్రం ఏంటంటే అందరూ భయపెట్టే రూట్ దె క్రెత్ మీకు కాస్త నయం. అందులో పై భాగం వన్ వే, లా పాలూకి తూర్పున ఎక్కి ఊరికి పడమట దిగాలి, ఆ దిశలో లోయ ఎడమ వైపే ఉంటుంది, ఎదురు బండి రాదు. దాదాపు 1,300 మీటర్ల ఎత్తుకి వెళ్తుంది, వ్యూ పాయింట్ల దగ్గర ఆగడం ఆగకపోవడం మీ ఇష్టం. ఆగితే తల పైన కాదు, కిందికి చూస్తే రాబందులు తిరుగుతుంటాయి. ఇవి అక్కడ పూర్తిగా మాయమైపోతే 1999 నుంచి రూగోన్ ఊరి దగ్గర మళ్ళీ తెచ్చి వదిలారు. చలికాలంలో ఈ రోడ్డు మూసేస్తారు, వసంతంలో తెరుస్తారు, అది చూసుకుని వెళ్ళండి.

ప్ర: నా బైక్‌కి వెనక పెద్ద పళ్ళ చక్రం 28 పళ్ళది. సరిపోద్దా? కార్బన్ చక్రాలు వేసుకుని వెళ్దామనుకుంటున్నా.

జ: ముందు 34, వెనక 32 గానీ 34 గానీ ఉండేలా మార్పించుకోండి, మీరు ఎంత గట్టివాళ్ళైనా సరే. బరువైన గేరు నొక్కి నొక్కి మోకాళ్ళు పోగొట్టుకునేంత అవసరం ఏముంది. చక్రాల మాటకొస్తే, డిస్క్ బ్రేకులైతే ఏవైనా ఓకే. రిమ్ బ్రేకులైతే (చక్రం అంచునే పట్టి ఆపేవి) మాత్రం కార్బన్ ఇంట్లో పెట్టి అల్యూమినియం వేసుకోండి. పొడవాటి దిగుడులో బ్రేక్ అలా పట్టుకునే ఉంటే రిమ్ వేడెక్కిపోయి కార్బన్ దెబ్బతింటుంది, ట్యూబ్ పేలినా పేలొచ్చు. మలుపుకి ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేసి, మళ్ళీ పట్టి, అలా దిగాలి. జాగ్రత్త పడాల్సింది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే, గుడ్డి మలుపులో అవతల నుంచి వ్యాన్ మన లేన్‌లోకి సగం వచ్చేసి ఉంటుంది, రాళ్ళు కూడా జారి పడి ఉంటాయి.

ప్ర: పదకొండేళ్ళ మా అబ్బాయి కూడా వస్తానంటున్నాడు. సరస్సు చుట్టూ అయినా తిప్పొచ్చా?

జ: వద్దండీ. సరస్సు చుట్టూ ఉన్నది మామూలు కార్ల రోడ్డే, అదీ ఎగుడుదిగుడు, వేసవిలో ఊపిరాడని ట్రాఫిక్. పిల్లాడితో ఐతే పొద్దున్నే ఊరి చుట్టుపక్కల చిన్న రోడ్ల మీద కాసేపు తొక్కించండి, ఫ్రాన్స్‌లో 12 ఏళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, వెనక కూర్చున్నా సరే. ఆ తర్వాత గాలెతా వంతెన దగ్గర పెడల్ బోటు అద్దెకి తీసుకుని నది గార్జ్‌లోంచి సరస్సులోకి వచ్చే చోట లోపలికి వెళ్ళండి, తొక్కాలన్న సరదా అక్కడ తీరిపోద్ది. అన్నట్టు ఆ సరస్సు సహజమైనది కాదు, 1970లలో డ్యామ్ కట్టి నింపింది. లే సాల్ అనే ఊరు నీళ్ళ కిందకి పోయింది, ఇప్పుడు గట్టు మీద కనపడే లే సాల్ కొత్తగా కట్టింది. పిల్లాడికి ఈ ముక్క చెప్పండి, ఇక నీళ్ళలోకే చూస్తూ కూర్చుంటాడు.

ప్ర: పాటలు వింటూ తొక్కొచ్చా? ఫ్రెండ్‌తో పక్కపక్కన వెళ్ళొచ్చా?

జ: ఇయర్‌ఫోన్స్ నిషేధం, ఒక చెవిలో పెట్టుకున్నా 135 యూరోలు ఫైన్. ఇద్దరు పక్కపక్కన వెళ్ళొచ్చు, వెనక బండి దాటాలనుకున్నా, చీకటి పడినా ఒకరి వెనక ఒకరు అయిపోవాలి. టన్నెల్స్ ఉన్నాయి కాబట్టి ముందూ వెనకా లైట్లు పగలైనా వేసుకోండి.

ప్ర: నీళ్ళు, తిండి మధ్యలో దొరుకుతాయా?

జ: ఉత్తరం గట్టున లా పాలూలో దొరుకుతాయి. త్రిగాన్స్ దాటాక ఎగ్విన్ దాకా దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు, అందుకే రెండు పెద్ద బాటిళ్ళు నింపుకునే కోర్నీష్ ఎక్కండి. ఊళ్ళలో ఫౌంటెన్లు ఉంటాయి, 'నోన్ పొతాబ్ల్' అని బోర్డు ఉంటే అవి తాగే నీళ్ళు కావు. చిన్న ఊళ్ళ కొట్లు మధ్యాహ్నం భోజనం వేళ మూసేస్తారు, పన్నెండున్నరకి వెళ్ళి షట్టర్ ముందు నిలబడి తిట్టుకోవద్దు.

ప్ర: పారిస్ నుంచి సైకిల్ ఎలా తీసుకెళ్ళాలి?

జ: టీజీవీ హైస్పీడ్ ట్రైన్‌లో ఎక్స్ ఆన్ ప్రొవాన్స్ దాకా వెళ్ళి అక్కడ కారు అద్దెకి తీసుకోవడం తేలిక. గార్జ్ దగ్గరికి రైలు లేదు. సైకిల్ విప్పి 130 × 90 సెంటీమీటర్ల లోపు బ్యాగ్‌లో పెట్టాలి, టికెట్ తీసుకునేటప్పుడే దాని రూల్స్ ఒకసారి చూసుకోండి. పెడల్స్ తీసే పానా బ్యాగ్‌లోనే పడెయ్యండి, ఎడమ పెడల్ మర రివర్స్‌లో తిరుగుతుందని తెలుసు కదా.